నాలుగింటికి తన్నేయని దుప్పటి: ఎలా ఎంచుకోవాలి?

కొన్నేళ్ల కిందట ఒక డిసెంబర్ సాయంత్రం, బైపాస్ పక్కన తాళ్లు కట్టి వేలాడదీసిన రగ్గుల్లోంచి పెద్ద పులి బొమ్మ ఉన్నదాన్ని బేరమాడి కొన్నాను. డబుల్ సైజు, రెండు పొరల మింక్. చెయ్యి వేస్తే పిల్లి వీపు నిమిరినట్టు ఉంది. మొదటి రాత్రి ఇలా కప్పుకోగానే అలా నిద్ర పట్టేసింది. మూడో రాత్రి నుంచి అసలు కథ మొదలైంది. మూడింటికల్లా మెడ కింద చెమట. కాలితో ఒక్క తన్ను తన్నేయడం, మళ్లీ ఐదింటికి చలికి ముడుచుకుపోయి చీకట్లో దానికోసం తడుముకోవడం. సంక్రాంతి నాటికి పులి అటకెక్కింది.

మీ ఇంట్లోనూ అటక మీద జిప్పు సంచిలో ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. కొనేటప్పుడు మనం అడిగేది "వెచ్చగా ఉంటుందా?" అని. వెచ్చగా ఉండటం పెద్ద విషయం కాదు, ప్లాస్టిక్ పట్టా కప్పుకున్నా వెచ్చగానే ఉంటుంది. మన ఊళ్ల వాతావరణంలో అడగాల్సింది "చెమట పోతుందా?" అని. ఇక్కడ చెప్పబోయేదంతా ఆ ప్రశ్న చుట్టూ తిరిగేదే.

మొదటి పని: మూడు రాత్రులు కనిపెట్టండి

కొట్టుకు వెళ్లేముందు ఒక కాగితం తీసుకోండి. పడుకునేటప్పుడు ఫ్యాన్ ఎంతలో ఉంది, ఏసీ ఉంటే ఎన్ని డిగ్రీలు, కిటికీ తెరిచారా మూశారా రాసుకోండి. పొద్దున లేవగానే దుప్పటి ఎక్కడుందో చూడండి. నేల మీద ఉంటే ఒక సంగతి, గడ్డం దాకా లాక్కుని ఉంటే మరో సంగతి, మొత్తం బాగానే ఉండి పాదాలు మాత్రం చల్లగా ఉంటే ఇంకో సంగతి. దుప్పటి నేల మీద ఉండి, దిండు తడిగా ఉంటే మీకు కావాల్సింది మందం తక్కువది. పాదాలు మాత్రమే చల్లబడితే కొత్త దుప్పటే అక్కర్లేదు, ఒక జత నూలు సాక్సులు చాలు. డబ్బులు మిగిలినట్టే.

పొద్దున సంగతి ఎందుకు చూడమంటున్నానంటే, రాత్రి పదింటికి ఉన్న ఒళ్లు తెల్లవారుజామున నాలుగింటికి ఉండదు. నిద్రలో ఒంటి లోపలి వేడి సుమారు ఒక డిగ్రీ సెల్సియస్ తగ్గుతుంది. ఆ తగ్గడం కోసమే నిద్ర వచ్చే ముందు చేతులు, పాదాల్లో రక్తనాళాలు విచ్చుకుని వేడిని బయటికి వదులుతాయి. మనం మామూలుగా లేచే సమయానికి సుమారు రెండు గంటల ముందు ఒంటి వేడి అన్నిటికంటే తక్కువకు చేరుతుంది. కలలొచ్చే నిద్ర కూడా రాత్రి చివరి భాగంలోనే ఎక్కువ. ఆ నిద్రలో ఒళ్లు తన వేడిని తాను సర్దుకునే శక్తి బాగా తగ్గుతుంది. అంటే దుప్పటికి అసలు పరీక్ష తెల్లవారుజామున. కొట్లో చేత్తో నిమిరి, "అబ్బ, ఎంత మెత్తగా ఉందో" అనుకునేది ఆ పరీక్ష కాదు.

రెండో పని: కింద ఏముందో చూడండి

దీన్ని ఎవరూ పట్టించుకోరు. నులక మంచం మీదో నవారు మంచం మీదో పడుకున్నవాళ్లకు కింది నుంచీ గాలి ఆడుతుంది. ఎండాకాలం అది వరం. ధనుర్మాసంలో మాత్రం పైన ఎన్ని కప్పుకున్నా వీపు కింద చలి దూరుతూనే ఉంటుంది. అలాంటప్పుడు పైకి ఇంకో రగ్గు కొనకండి. కింద బొంత పరవండి. నేల మీద చాప వేసుకుని పడుకునేవాళ్లకూ ఇదే మాట, గచ్చు ఒంట్లోని వేడిని లాగేస్తుంది.

ఫోమ్ పరుపు దీనికి పూర్తిగా తలకిందులు. ఒంటి వేడిని కింద పట్టి ఉంచుతుంది. ఫోమ్ పరుపు కింద, మింక్ రగ్గు పైన, మధ్యలో మనిషి అంటే ఇడ్లీ పాత్రలో ఇడ్లీ. పరుపు ఫోమ్‌దైతే పైన కప్పుకునేది నూలుదే అయ్యుండాలని నా అభిప్రాయం.

మూడో పని: బట్ట తెలుసుకోండి

ముందు దారం సంగతి. ఊలు తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకుని కూడా తడిగా అనిపించదు. నూలు చెమటను బాగా పీలుస్తుంది కానీ, పూర్తిగా తడిస్తే ఆరడానికి టైమ్ పడుతుంది. పాలిస్టర్ దారం తేమను దాదాపుగా పీల్చదు. మింక్, ఫ్లీస్ అని అమ్మేవి మామూలుగా పాలిస్టర్‌వే. ముట్టుకుంటే వచ్చే మెత్తదనం నూగుది, దారం గుణం మారదు. కాకినాడ, విజయవాడ లాంటి ఉక్క ఊళ్లలో గాలిలోనే తేమ ఎక్కువ. అక్కడ చలికాలంలో కూడా మింక్ కప్పుకుంటే చెమట పట్టడానికి కారణం ఇదే. అదే రగ్గు ఆదిలాబాద్ జనవరిలోనో, లంబసింగి పొగమంచులోనో పనికొస్తుంది. ఒక్క జాగ్రత్త, పాలిస్టర్ నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. మస్కిటో కాయిల్‌ను మంచానికి దూరంగా పెట్టండి.

ఇక ఏ దుప్పటి ఎవరికో చూద్దాం.

మామూలు నూలు దుప్పటి ఫ్యాన్ కింద ఏడాది పొడుగునా నడుస్తుంది. ఫ్యాన్ గాలి నేరుగా పడేచోట వదులు నేత పనికిరాదు, గాలి లోపలికి దూరిపోతుంది. నేత దగ్గరగా ఉన్నది తీసుకోండి. చద్దరు దీనికంటే ఒక మెట్టు పైన. షోలాపూర్ చద్దరు పేరు వినని ఇల్లు తెలంగాణలో అరుదు, దానికి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే ప్రభుత్వ ముద్ర) కూడా ఉంది. మందంగా ఉంటుంది, ఉతికే కొద్దీ మెత్తబడుతుంది, పదేళ్లయినా చిరగదు. ఏసీ గదికీ, హైదరాబాద్ నవంబర్‌కీ నేనైతే దీన్నే చెబుతాను. పల్చటి మల్ బట్టను మూడు పొరలుగా కుట్టిన దోహర్ కూడా ఏసీకి బాగుంటుంది, బరువుండదు. కాకపోతే కొన్ని రకాలు నాలుగు ఉతుకులకే కుట్లు వదిలేస్తాయి. అంచు దగ్గర పొరలు వేలితో లాగి చూసి కొనండి.

రజాయి అంటే లోపల దూది. మంచి వెచ్చదనం, చెమట కూడా పీలుస్తుంది. ఉతకలేం, అదే దాని తలనొప్పి. కొన్నేళ్లకు దూది ఉండలు కట్టి, మధ్యలో ఖాళీలు పడి, ఆ ఖాళీల్లోంచి చలి వస్తుంది. దూదేకులవాళ్ల దగ్గర మళ్లీ ఏకించి కుట్టించుకునే వీలు మీ ఊళ్లో ఇంకా ఉంటే అదృష్టవంతులు. కంఫర్టర్ దీని తమ్ముడే, లోపల దూది బదులు పాలిస్టర్ పీచు ఉంటుంది. మిషన్లో వేసుకోవచ్చు. పై గుడ్డ నూలుదైతే పర్వాలేదు, పైనా లోపలా పాలిస్టరే అయితే మింక్ కథే మళ్లీ.

బొంత గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. పాత చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరిచి, చేత్తో దగ్గర దగ్గరగా కుట్టు వేసుకుంటూ పోతే బొంత. అందులో ఉన్న తెలివి చూడండి. ఏళ్ల తరబడి ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు, పొరకూ పొరకూ మధ్య చిక్కుకున్న గాలి. వేడిని ఆపేది ఆ గాలే, బట్ట కాదు. ఐదారు పొరలున్నా చెమట పోతుంది. చలికాలం కప్పుకోవచ్చు, ఎండాకాలం పరుచుకోవచ్చు. కుట్టించాలనుకుంటే రెండు మాటలు. నూలు చీరలే ఇవ్వండి, మధ్యలో ఒక్క నైలాన్ చీర పడినా ఆ పొర చెమటను సరిగా పీల్చదు. కుట్టుకూ కుట్టుకూ మధ్య దూరం జానెడు పెరిగితే ఉతికినప్పుడు పొరలు జారి ఒకవైపుకు పోగవుతాయి. కుట్టే మనిషికి ముందే చెప్పండి.

తర్వాత గొంగడి. కొన్నిచోట్ల గొంగళి అంటారు, కంబళి అనీ అంటారు. అసలైనది దక్కనీ గొర్రె నల్ల ఊలుతో, గుంట మగ్గం మీద కురుమలు నేసేది. చింతగింజల గంజి పెట్టి నేస్తారు కాబట్టి కొత్తలో బిరుసుగా ఉంటుంది. వానలో గొర్రెల కాపరి తలమీంచి కప్పుకున్నా, రాత్రి పొలంలో పరుచుకుని పడుకున్నా అదొక్కటే సరిపోయేది. ఇప్పుడు దొరకడం కష్టమైపోయింది. మాంసం కోసం ఊలు రాని నెల్లూరు జాతి గొర్రెలను పెంచడం పెరిగి, నల్ల ఊలు గొర్రె మందలు తగ్గిపోయాయి. దొరికితే తీసుకోండి. కానీ నేరుగా ఒంటికి తగిలితే గుచ్చుతుంది, వెంట్రుకలు రాలతాయి. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు దాని మీద సణుక్కోకుండా, లోపల ఒక నూలు దుప్పటి కప్పుకుని పైన గొంగడి వేసుకోండి. ఆదిలాబాద్, అరకు వైపు చలికి ఈ జోడీని మించింది నాకు తెలిసి లేదు.

ఈమధ్య ఆన్‌లైన్‌లో బరువు దుప్పట్లు బాగా కనిపిస్తున్నాయి. లోపల గాజు పూసలు పోసి కుడతారు. ఒంటి బరువులో పదో వంతు ఉన్నది తీసుకోవాలని లెక్క చెబుతారు, అంటే 60 కిలోల మనిషికి 6 కిలోలు. మీద ఎవరో చెయ్యి వేసినట్టుండి టెన్షన్ తగ్గుతుందని కొందరంటారు. మన ఉక్కలో ఏసీ లేకుండా అది కప్పుకోవడం అయ్యే పని కాదు. ఆయాసం ఉన్నవాళ్లు, నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా వాడొద్దు. చిన్నపిల్లల మీద అసలు వేయొద్దు.

అట్ట మీద "ప్యూర్ ఊల్" అని ఉన్నా నమ్మకం లేకపోతే, అంచు నుంచి ఒక్క దారప్పోగు లాగి, ఇంటి బయట, పట్టకారుతో పట్టుకుని కాల్చి చూడండి. ఊలైతే వెంట్రుక కాలిన వాసన వచ్చి, నల్లటి బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. నూలైతే కాగితం కాలిన వాసన, లేత రంగు మెత్తని బూడిద. పాలిస్టరైతే కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. హర్యానాలోని పానిపట్‌లో పాత ఉన్ని బట్టలు చింపి మళ్లీ దారం తీసి కంబళ్లు నేయడం పెద్ద పరిశ్రమ. అవి చెడ్డవని కాదు, చవకగా చలి ఆపుతాయి. కొత్త ఊలు ధర పెట్టి వాటిని కొనకండి, అంతే.

నాలుగో పని: బరువు, కొలత లెక్కేసుకోండి

లేబుల్ మీద జీఎస్ఎం అని ఒక అంకె ఉంటుంది. చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములో అది చెబుతుంది. పొడవు, వెడల్పు మీటర్లలో గుణించి, జీఎస్ఎంతో మళ్లీ గుణిస్తే మొత్తం బరువు వస్తుంది. 1.5 మీటర్ల వెడల్పు, 2.25 మీటర్ల పొడవు ఉన్న సింగిల్ దుప్పటి 300 జీఎస్ఎం అయితే కిలోకు కొంచెం పైన తూగాలి. ఇంటికొచ్చాక త్రాసు మీద పెడితే 700 గ్రాములే ఉందనుకోండి, ఎక్కడో తేడా ఉన్నట్టే, వెనక్కి పంపేయండి. కంఫర్టర్లలో మాత్రం ఈ అంకె ఎక్కువగా లోపలి పీచుకే చెబుతారు, పై గుడ్డ బరువు అదనం.

బరువెక్కువైతే వెచ్చదనం ఎక్కువ అనుకోకండి. పొరల మధ్య నిలిచే గాలి ఎంతో వెచ్చదనం అంత.

దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాపుకోమన్నారు పెద్దలు. కొనుక్కునేటప్పుడు మాత్రం కాళ్లు చాపి కొలుచుకుని కొనండి. మీ ఎత్తుకు రెండడుగులు కలపండి. ఐదడుగుల ఆరు అంగుళాలవాళ్లకు 90 అంగుళాల పొడవు సరిపోతుంది. ఆరడుగులు దాటినవాళ్లు 100 చూసుకోవాలి. నూలు మొదటి ఉతుకులో కొంత ముడుచుకుంటుంది, దానికీ చోటు వదలండి.

మంచం మీద ఇద్దరుంటే డబుల్ దుప్పటి ఒక్కటి కొనాలని రూలేం లేదు. ఒకరికి ఉక్క, ఒకరికి చలి లేని ఇల్లు నేను చూడలేదు. రెండు సింగిళ్లు కొనుక్కుంటే లాగులాటలు ఉండవు, ఎవరి మందం వాళ్లది. నలభై ఐదు, యాభై దాటిన ఆడవాళ్లకు రాత్రిపూట ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లు వచ్చి చెమటలు పడుతుంటాయి. ఇది చెప్పుకోలేక పక్కవాళ్ల రగ్గు కిందే ఉక్కిరిబిక్కిరవుతుంటారు. వాళ్లకు విడిగా ఒక పల్చటి నూలు దుప్పటి, దాని మీద తీసేయడానికి వీలుగా ఒక చద్దరు ఉండి తీరాలి.

అసలు సూత్రం: ఒక మందందానికి బదులు రెండు పల్చనివి

పై మాటలన్నీ మర్చిపోయినా ఇదొక్కటి పాటించండి. రెండు పల్చటి దుప్పట్లు ఒకదాని మీద ఒకటి కప్పుకుంటే మధ్యలో గాలి పొర వస్తుంది, ఒక మందమైన దుప్పటితో సమానంగా కాస్తాయి. ఉక్కపోసినప్పుడు ఒకటి తీసేస్తే రెండోది మిగులుతుంది. మింక్ తన్నేస్తే ఏమీ మిగలదు. ఇంగ్లండ్‌లో ఇదే పనిని అంకెలు వేసి అమ్ముతారు. అక్కడ బొంతల్లాంటి డ్యువేలకు టాగ్ అని ఒక కొలత ఉంటుంది. ఎండాకాలానికి 4.5, చలికాలానికి 13.5 అని. 4.5ది ఒకటి, 9ది ఒకటి విడిగా ఇచ్చి, చలికాలం రెండూ గుండీలతో కలిపి 13.5 చేసుకోమంటారు. చదువుకోడానికి అక్కడికి వెళ్లే పిల్లలకు ఒక మాట. 23 కిలోల సూట్‌కేసులో నాలుగు కిలోలు మింక్ రగ్గుకు ఇవ్వకండి. డ్యువే అక్కడే దొరుకుతుంది. ఆ నాలుగు కిలోల్లో పచ్చళ్లు, పొడులు పెట్టుకోండి.

రైలు ఏసీ బోగీలో కూడా ఇదే సూత్రం పనికొస్తుంది. రెండు తెల్ల దుప్పట్లు, ఒక కంబళి ఇస్తారు కదా. మనలో చాలామంది రెండూ కిందే పరిచేస్తాం. రెండోది కంబళికీ ఒంటికీ మధ్య వేసుకోవడానికి. కంబళ్లను కనీసం నెలకొకసారి ఉతుకుతామని రైల్వే మంత్రి 2024లో పార్లమెంటులో చెప్పారు. ఆ లెక్కన మధ్యలో తెల్ల దుప్పటి ఉంటే మంచిదే.

ఏసీ సంగతి వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. 18లో పెట్టి రగ్గు కప్పుకోవడం ఇంట్లో జరిగే వింతల్లో ఒకటి. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీలకే మొదలవ్వాలని కేంద్రం నిబంధన పెట్టింది. దాన్ని అక్కడే ఉండనిచ్చి, నూలు దుప్పటి మీద ఒక చద్దరు వేసుకుంటే చాలామందికి సరిపోతుంది. కరెంటు బిల్లూ తగ్గుతుంది.

ఐదో పని: కొట్లో చేసే పరీక్షలు

బట్టను నోటికి ఆనించి, వెనక అరచెయ్యి పెట్టి ఊదండి. ఊపిరి కొంచెమైనా చేతికి తగలాలి. అస్సలు తగలకపోతే చెమటా పోదు. బాగా దూసుకొస్తే ఫ్యాన్ కింద ఆగదు. తర్వాత దుప్పటిని మడతపెట్టి, మడతల మధ్య చెయ్యి పెట్టి సేల్స్‌మన్‌తో రెండు నిమిషాలు కబుర్లు చెప్పండి. అరచెయ్యి జిగటగా అయితే రాత్రి మెడ సంగతి మీకే అర్థమవుతుంది. ముదురు రంగైతే తెల్ల రుమాలు తడిపి ఒక మూల రుద్దండి. ఘాటుగా కెమికల్ వాసన కొడుతుంటే వదిలేయండి.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న, దీన్ని ఎవరు ఉతుకుతారు? మీ మిషన్ ఆరేడు కిలోలదైతే డబుల్ మింక్ అందులో సరిగా తిరగదు. తడిస్తే ఇద్దరు పట్టుకుని పిండాలి. అపార్ట్‌మెంట్ బాల్కనీ తీగమీద రెండు రోజులైనా ఆరదు. ఉతకలేని దుప్పటి కొంటే దాన్ని ఉతకరు. పుప్పొడి, దుమ్ము పడని పిల్లలున్న ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు, దుమ్ములో బతికే కంటికి కనిపించని పురుగులకు ఉతకని రగ్గే ఇల్లు. అవి చావాలంటే 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకాలి. నూలుకు అది కుదురుతుంది, ఊలుకు కుదరదు, ముడుచుకుపోతుంది.

పసిపిల్లలు, పెద్దవాళ్లు

ఏడాది లోపు పిల్లలకు వదులు దుప్పటి, రగ్గు, మెత్తటి దిండు ఏదీ పక్కలో వద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు. ముఖం మీద పడితే తీసుకునే బలం వాళ్లకు ఉండదు. చలైతే ఒంటికి ఇంకో చొక్కా వేయండి. వెచ్చగా ఉన్నారో లేదో చేతులు ముట్టుకుని చూడకండి, మెడ వెనకో పొట్టో ముట్టుకోండి. పెద్దవాళ్లకు బరువు రగ్గులు వేయకండి, రాత్రి బాత్రూమ్‌కి లేవడానికి వాటిని తోసుకోలేక తూలిపోతారు. అంచు నేల దాకా వేలాడితే కాలికి చుట్టుకుంటుంది. తేలికైన ఊలు శాలువా, నూలు దుప్పటి రెండూ చాలు. ముసుగుతన్ని పడుకోవడం దోమల కోసమే అయితే దోమతెర కట్టండి. చలికి గది మూసేసి కుంపటి మాత్రం పెట్టొద్దు, బొగ్గుల పొగలోని విషవాయువుకు వాసన ఉండదు.

చివరి పని: దాచడం

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. అప్పుడు రగ్గులన్నీ ఎండలో రెండువైపులా తిరగేసి, పూర్తిగా ఆరాకే మడతపెట్టండి. కొంచెం తేమ ఉన్నా వానాకాలానికి బూజు వాసన పట్టేస్తుంది. ఊలుకు పురుగు పడుతుంది కాబట్టి ఆరబెట్టిన వేపాకు గుడ్డలో మూటకట్టి మడతల మధ్య పెట్టండి. కలరా ఉండలు వాడేవాళ్లు, ఇంట్లో పసిపాప ఉంటే మానేయండి. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పిల్లలకు ఆ ఉండల ఆవిరి తగిలితే రక్తకణాలు పగిలి కామెర్లు వచ్చే ప్రమాదం ఉంది. ఆ లోపం ఉందో లేదో చాలా ఇళ్లలో తెలియను కూడా తెలియదు. ఇప్పటికే ఉండలు పెట్టి దాచిన రగ్గుల్ని ఉతికి, ఎండలో బాగా ఆరేస్తే తప్ప పాప దగ్గరికి తేవొద్దు.

ఇక అటకెక్కిన మింక్‌ని ఏం చేయాలంటారా? పైన కప్పుకోవడానికి పనికిరానిది కింద పరుచుకోవడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. మా పులిని ఊరికి తీసుకెళ్లి నాన్న నవారు మంచం మీద పరిచి, దాని మీద నూలు దుప్పటి వేశాం. ధనుర్మాసమంతా ఆయన పులి మీద పడుకుంటున్నారు, పైన మాత్రం తన పాత గొంగడే.